సిద్ధత్థుడి మోచెయ్యి

జగ్గయ్యపేట పక్కన ధనంబోడు అని ఒక చిన్న కొండ ఉంది. పేరు వింటే ఎవరికైనా లంకెబిందెలే గుర్తొస్తాయి. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వించినప్పుడు బయటపడింది మాత్రం ఒక బౌద్ధ స్తూపం. అప్పటికే దాని పలకలు చాలావరకు చెదిరిపోయాయి. మిగిలినవాటిలో శాసనాలున్న స్తంభాలు కొన్ని దొరికాయి. బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరం నాటివి, అంటే క్రీస్తు తర్వాత మూడో శతాబ్దానివి.

ఆ శాసనాల్లో దాతగా కనిపించేది రాజో, రాణో, షావుకారో అయితే పెద్ద విశేషం ఉండేది కాదు. కానీ అక్కడున్నది ఒక పనివాడి పేరు. కమ్మకరట్ఠంలోని నడతూరుకు చెందిన ‘ఆవేసని’ నాకచందుడి కొడుకు, తానూ ఆవేసనే అయిన సిద్ధత్థుడు. ఆవేసని అంటే శిల్పి, పనిచోట మేస్త్రి. వెలగిరి గ్రామంలోని మహాచైత్యానికి తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టానని చెప్పుకున్నాడు. తల్లి నాగిలని, భార్య సముదని, కొడుకు, కూతురు, సోదరుడు, సోదరుడి భార్య, వాళ్ళ పిల్లలు అందరి పేర్లూ వరసగా చెక్కించాడు. ఉమ్మడి కుటుంబం రేషన్ కార్డులా ఉంటుంది ఆ శాసనం.

ఆ కాలం అక్షరాలకు ఒక సోకు ఉంది. నిలువు గీతల్ని కిందికి పొడుగ్గా లాగి, చివర్న వంపు తిప్పుతారు. కాగితం మీద గీయడానికైతే అది ఒక్క విసురు. రాతి మీద ప్రతి వంపూ ఎన్నో సుత్తి దెబ్బలు. ఎడమ చెయ్యి ఉలిని బిగించి పట్టుకుంటుంది, కుడి మోచెయ్యి వంగుతుంది, చాస్తుంది, మళ్ళీ వంగుతుంది. పొద్దుణ్ణుంచి పొద్దుగూకేదాకా అదే పని, తండ్రి తరం నుంచి కొడుకు తరం దాకా అదే పని. శాసనం అతని ఊరు చెప్పింది, ఇంటిపాది పేర్లు చెప్పింది. ఆ చేతికి ఏమైందో చెప్పలేదు. శాసనాలు అలాంటివి చెప్పవు. నేను ఈ వ్యాసంలో పట్టుకోవాలనుకున్నది మాత్రం దాన్నే: ఈ మెట్ట ప్రాంతపు చేతుల్ని, వాటి నొప్పిని, ఆ నొప్పిని ఎవరు ఎప్పుడు లెక్కలోకి తీసుకున్నారన్న సంగతిని.

ఇదే స్తూపం నుంచి దొరికిన మరో ప్రసిద్ధమైన పలక మద్రాసు మ్యూజియంలో ఉంది. సిద్ధత్థుడి కాలం కంటే చాలా పాతది. అందులో మాంధాత చక్రవర్తి చెయ్యి పైకెత్తి నిలబడి ఉంటాడు. చుట్టూ రాణి, మంత్రి, ఏనుగు, గుర్రం. పైన మబ్బుల్లోంచి చతురస్రపు నాణేలు రాలుతుంటాయి. కళాచరిత్ర పుస్తకాల్లో ఈ బొమ్మను చక్రవర్తి భావనకు ఉదాహరణగా చూపిస్తారు. నాకు మాత్రం అది చేతి బొమ్మగానే కనిపిస్తుంది. ఒకే ఒక్కసారి ఎత్తితే కాసులు కురిసే చెయ్యి. దాన్ని చెక్కిన చేతికి ఆ సౌకర్యం లేదు.

తెలుగు భాషకు ఈ తేడా బాగా తెలుసు. రెక్కాడితే గాని డొక్కాడదు అంటాం. రెక్కలు ముక్కలు చేసుకున్నాడంటాం. ఇంకొకరి దయ మీద బతికేవాణ్ణి మోచేతి నీళ్ళు తాగుతున్నాడంటాం. అందని ఆశ చూపిస్తే మోచేతికి బెల్లం పెట్టాడంటాం. కూలి, కష్టం, పరాధీనత, ఆశాభంగం అన్నిటినీ మన భాష చేతి మీదే పెట్టింది. నొప్పి రకాలకు కూడా మాటలున్నాయి. తిమ్మిరి వేరు, మొద్దుబారడం వేరు, గుంజడం వేరు, సలపడం వేరు, జివ్వుమనడం వేరు. న్యూరాలజిస్టు అరగంట అడిగి రాసుకునే వివరాల్ని మా వైపు ముసలమ్మ ఒక్క మాటలో చెప్పేస్తుంది. కాకపోతే ఆ మాట ఏ రిజిస్టరులోకీ ఎక్కదు.

నరాల సంగతి కాస్త తెలుసుకుంటే మిగిలిన కథ సులువుగా అర్థమవుతుంది. మోచేతి లోపలివైపు, ఎముక బొడిపె వెనకాల ఒక సన్నటి దారి ఉంది. అందులోంచి అల్నార్ నరం పోతుంది. తలుపుకి మోచెయ్యి తగిలినప్పుడు కరెంటు కొట్టినట్టు చిటికెన వేలి దాకా జివ్వుమనేది దానివల్లే. మోచెయ్యి మడిచినప్పుడల్లా ఈ నరం సాగుతుంది, దారి ఇరుకవుతుంది. ఎక్కువసేపు, ఎక్కువసార్లు అలా జరిగితే చిటికెన వేలు, ఉంగరపు వేలులో సగం తిమ్మిరెక్కుతాయి. 1958లో వైద్యులు ఆ దారికి క్యూబిటల్ టనెల్ అని పేరు పెట్టారు. రెండోది మీడియన్ నరం. మణికట్టు దగ్గర ఎముకలకీ, గట్టి పట్టీ లాంటి కండరబంధానికీ మధ్య ఇరుకు దారిలోంచి అరచేతిలోకి వస్తుంది. అదే దారిలోంచి వేళ్ళను ముడిచే తొమ్మిది స్నాయువులు కూడా రావాలి. అవి వాచినప్పుడు నలిగేది నరమే. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపు వేలులో మిగతా సగం తిమ్మిరెక్కుతాయి. రాత్రి నిద్రలో మెలకువ వచ్చి చెయ్యి విదిలించుకుంటాం. ఇది కార్పల్ టనెల్. ఏ వేళ్ళు తిమ్మిరెక్కాయో చూస్తే ఏ నరం నలుగుతోందో చాలావరకు తెలిసిపోతుంది. పనిలోంచి పుట్టే చేతి నొప్పులన్నీ నరాలవి కావు. కండరాలవీ, స్నాయువులవీ కూడా ఉంటాయి. చేసేవాడికి మాత్రం అన్నీ ఒకటే నొప్పి.

పనికీ నొప్పికీ ఉన్న ఈ బంధాన్ని పుస్తకంలో పెట్టినవాడు ఇటలీ వైద్యుడు బెర్నార్దినో రామజీని. 1700లో పనివాళ్ళ జబ్బుల మీద ఒక గ్రంథం రాశాడు. 1713లో దాన్ని పెంచి వేసినప్పుడు రాతగాళ్ళ మీద, గుమాస్తాల మీద ఒక అధ్యాయం చేర్చాడు. వాళ్ళ బాధకు మూడు కారణాలు చెప్పాడు: కదలకుండా కూర్చోవడం, చెయ్యి ఎప్పుడూ ఒకే తీరుగా కదులుతూ ఉండటం, తప్పు దొర్లకూడదని మనసు మీదుండే ఒత్తిడి. ఈ మూడింటినీ ఇవాళ్టి ఏ ఆఫీసు గోడకైనా అంటించవచ్చు. అతనికి తెలిసిన ఒక నోటరీ కథ కూడా చెప్పాడు. ఆ మనిషి బతుకంతా రాస్తూనే ఉన్నాడు. ముందు చెయ్యంతా అలసట, తర్వాత కుడిచెయ్యి పూర్తిగా పడిపోయింది. ఎడమ చేత్తో రాయడం నేర్చుకున్నాడు. కొన్నాళ్ళకు అదీ అదే దారి పట్టింది.

రామజీని నోటరీకి ఒక వైద్యుడు దొరికాడు కాబట్టి కథ మిగిలింది. చట్టంలోకి ఎక్కడానికి ఇంకో రెండు వందల ఏళ్ళు పట్టింది. తంతి గుమాస్తాలు మోర్స్ మీటను రోజుకు వేలసార్లు నొక్కేవాళ్ళు. కొన్నేళ్ళకు కొందరికి వేళ్ళు మాట వినడం మానేసేవి. చుక్క కొట్టాలనుకుంటే గీత పడేది. బ్రిటన్‌లో 1908లో ఈ ‘టెలిగ్రాఫిస్ట్ క్రాంప్’ను పరిహారం ఇవ్వాల్సిన వృత్తి జబ్బుల జాబితాలో చేర్చారు. 1911లో దానిమీద ఒక కమిటీ నివేదిక కూడా వచ్చింది. ఎందుకు వీళ్ళకే ఆ గుర్తింపు? ఉలి పట్టిన చెయ్యి అంతకంటే తక్కువ నలిగిందా? తంతి గుమాస్తా సర్కారు కొలువులో ఉన్నాడు. అతనికి సర్వీసు రిజిస్టరు ఉంది, సంఘం ఉంది. నిమిషానికి ఎన్ని మాటలు పంపాడో లెక్క ఉంది. ఆ లెక్క తగ్గితే యజమానికి తెలుస్తుంది. అంటే పని లెక్కకెక్కిన చోట నొప్పి కూడా లెక్కకెక్కే అవకాశం వచ్చింది.

మన దగ్గర చేతిపని పెద్ద ఎత్తున లెక్కలోకి వచ్చిన సందర్భం ఒకటుంది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది. నందిగామలో పుట్టి, బెజవాడలో కాంగ్రెసు నాయకుడై, తర్వాత ఆంధ్రప్రదేశ్ శాసనసభకు మొదటి స్పీకరైన అయ్యదేవర కాళేశ్వరరావు లాంటివాళ్ళు ఈ జిల్లాలో రాజకీయం నడుపుతున్న రోజులవి. ఆ సమావేశం మూడు లక్ష్యాలు పెట్టింది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటి మంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు. జూన్ 30 గడువు.

ఇరవై లక్షల రాట్నాలంటే కనీసం ఇరవై లక్షల జతల చేతులు. కుడిచెయ్యి చక్రం తిప్పుతుంది, ఎడమచెయ్యి ఏకు పట్టుకుని భుజం దాకా వెనక్కి లాగుతుంది, పోగు చుట్టుకోవడానికి మళ్ళీ ముందుకొస్తుంది. ఖద్దరు చరిత్ర రాసినవాళ్ళు గజాలు లెక్కపెట్టారు, చిలపలు లెక్కపెట్టారు. ఆ ఎడమ మోచేతి సంగతి మనకు తెలిసింది ఒక్క మనిషి విషయంలోనే. ఆయన పేరు గాంధీ.

1909లో ఇంగ్లండు నుంచి దక్షిణాఫ్రికాకు ఓడలో వస్తూ ‘హింద్ స్వరాజ్’ రాసినప్పుడు కుడిచెయ్యి నొప్పెడితే ఎడమచేత్తో రాశాడు. చేతిరాత ప్రతిలో దాదాపు నలభై పేజీలు ఎడమచేతివి. 1932లో యరవాడ జైల్లో ఉన్నప్పుడు నూలు తీసే ఎడమచేతికి మోచేతి దగ్గర నొప్పి పట్టుకుంది. వైద్యులు ఆ చేతికి విశ్రాంతి ఇవ్వమన్నారు. ఆయన వడకడం మానలేదు గానీ చెయ్యి మార్చాడు, కాలితో తొక్కే మగన్ చరఖాకు మారాడు. ఉత్తరాల్లో, మహాదేవ్ దేశాయ్ డైరీలో ఈ మోచేతి ముచ్చట్లు కనిపిస్తాయి. రామజీని నోటరీ చేసిందీ ఇదే, చెయ్యి మార్చుకోవడం. నొప్పితో బతకడానికి మనిషి కనిపెట్టిన మొదటి ఉపాయం అదేననుకుంటాను. గాంధీ దగ్గర ఇంకొకటి కూడా ఉంది. పనిముట్టును మార్చుకోగల వీలు. ఇరవై లక్షల మందిలో ఆ వీలు ఎందరికి ఉండి ఉంటుంది?

ఇప్పుడు మెట్టకు వద్దాం. కృష్ణా జిల్లా అనగానే అందరికీ కాలవలూ వరిచేలూ గుర్తొస్తాయి. జగ్గయ్యపేట, నందిగామ, చందర్లపాడు, పెనుగంచిప్రోలు వైపు అలా ఉండదు. నల్లరేగడి, మునేరు, పాలేరు, సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు. పంటంటే ముఖ్యంగా పత్తి, మిరప. 2022లో జిల్లాలు మార్చినప్పుడు ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది. పంట మారలేదు.

వరికి కోత మిషన్ వచ్చింది. మిరపకాయ, పత్తికాయ మాత్రం ఇంకా చేతికోసమే చూస్తాయి. కాయలన్నీ ఒకేసారి పండవు, ఒకేసారి పగలవు. పండినదాన్ని చూసి, పచ్చిదాన్ని వదిలి తీయాలి. ఆ ఎంపిక కంటికీ వేళ్ళకే తెలుసు. పత్తి తీతకు చాలాచోట్ల కిలో లెక్కన కూలి. ఒక కాయలో విత్తనంతో కలిపి వచ్చే పత్తి నాలుగైదు గ్రాములు. ఒక మనిషి రోజుకు ముప్పై కిలోలు తీసిందనుకోండి. కనీసం ఆరువేల కాయలు. ప్రతిసారీ బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కలిసి ముడుచుకోవాలి, మణికట్టు తిరగాలి, ఒళ్ళో కట్టుకున్న గుడ్డ జోలె దాకా చెయ్యి వెళ్ళి రావాలి. మీడియన్ నరం కాపు కాసే వేళ్ళు సరిగ్గా అవే. మిరపకాయ ఎండాక తొడిమలు తీసే పని ఇంకోటి. ఎండుకాయ ఒకటి గ్రాము అటూ ఇటూ తూగుతుంది. అంటే కిలోకి సుమారు వెయ్యిసార్లు గోరూ వేలూ కలవాలి.

మిరపలో నరాలకు సంబంధించిన ఒక విచిత్రం కూడా ఉంది. కాయల్లో చేతులు పెట్టి పనిచేసేవాళ్ళకు పట్టే మంటను 1981లో ఒక అమెరికన్ వైద్య పత్రిక ‘హునాన్ హ్యాండ్’ అన్న పేరుతో ప్రచురించింది. చైనా వంట కోసం మిరపకాయలు తరిగిన ఒక మనిషి కథ అది. మన మిర్చి కల్లాల్లో తరతరాలుగా ఉన్నదానికి అలా హునాన్ పేరు వచ్చింది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం మిరపలోని క్యాప్సైసిన్ నరాల చివర ఏ ద్వారాన్ని తడుతుందో కనిపెట్టింది. వేడికి తెరుచుకునే ద్వారం కూడా అదే. 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ ద్వారాన్ని గట్టిగా, ఎక్కువసేపు తడితే నరం చివర కొంతకాలం మొద్దుబారుతుంది. ఆ సూత్రం మీదే నరాల నొప్పికి ఎనిమిది శాతం క్యాప్సైసిన్ పట్టీ 2009లో మందుగా వచ్చింది. మిరపకోతల్లో చేతులు మండితే మావైపు ఆడవాళ్ళు నీళ్ళతో కడిగి ఊరుకోరు, కొబ్బరినూనె రాస్తారు. క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఆ సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

కీబోర్డు పని వల్ల నా చిటికెన వేలు తిమ్మిరెక్కడం మొదలయ్యాక, నందిగామ దగ్గర మా ఊరు వెళ్ళినప్పుడు, మిరపకోతలకు వెళ్ళే ఒక పెద్దావిణ్ణి అడిగాను, చేతులు లాగితే ఏం చేస్తారని. “ఏం చేత్తాం బాబూ, గుడ్డ గట్టిగా చుట్టుకుంటాం. రేతిరి కాస్త వేణ్ణీళ్ళు. కోతలైపోతే అదే తగ్గుద్ది” అంది. తగ్గకపోతే? “తగ్గకపోతే మళ్ళీ కోతలొస్తాయిగా” అని నవ్వింది.

ఆ మాటలో రెండు నిజాలున్నాయి. ఒకటి, నలిగిన నరానికి విశ్రాంతే మొదటి మందు. గుడ్డ చుట్టడం మణికట్టును కదలకుండా ఉంచే పట్టీకి దగ్గరి చుట్టం, కాకపోతే మరీ బిగిస్తే నరానికి ఇంకా ఇబ్బంది. రెండు, ఆ విశ్రాంతి ఆవిడ చేతిలో లేదు, పంట చేతిలో ఉంది. కిలో లెక్కన కూలి వచ్చేచోట పది నిమిషాలు ఆగితే ఆ పది నిమిషాల డబ్బు పోతుంది. గంటకోసారి చేతులకు విరామం ఇవ్వండన్న సలహా నెలజీతం మనిషికి సలహా. ఆవిడకు అది కూలికోత.

చట్టం ఎక్కడుంది మరి? 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో తప్పనిసరిగా తెలియజేయాల్సిన 29 వృత్తి జబ్బుల పేర్లుండేవి. రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్ ఉండేది. పత్తి దుమ్ముతో వచ్చే బిసినోసిస్ ఉండేది. అంటే సిద్ధత్థుడి ఊపిరితిత్తులకు చోటుండేది, పత్తి మిల్లు కూలీ ఊపిరితిత్తులకు చోటుండేది. ఇద్దరి మణికట్టుకూ ఉండేది కాదు. పొలం ఫ్యాక్టరీ కాదు కాబట్టి పత్తి తీసే మనిషికి ఆ జాబితా అసలే వర్తించలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి జబ్బుల జాబితాలో మాత్రం కార్పల్ టనెల్ పేరు పెట్టి ఉంది, మోచేతి నొప్పులు కూడా ఉన్నాయి.

ఇది చదివేవాళ్ళలో చాలామంది చేతులు ఇప్పుడు ఫోను పట్టుకుని మడిచే ఉంటాయి. కాబట్టి నాకు పనికొచ్చినవి చెబుతాను. మోచెయ్యి టేబుల్ అంచుకు ఆనించకూడదు. పడుకుని మోచెయ్యి పూర్తిగా మడిచి గంటలకొద్దీ ఫోను చూడకూడదు. రాత్రిపూట తువ్వాలు మోచేతికి వదులుగా చుట్టుకుంటే నిద్రలో మరీ ముడుచుకోదు. మణికట్టు సమస్యైతే రాత్రి దాన్ని నిటారుగా ఉంచే పట్టీ ఉపయోగపడుతుంది. తిమ్మిరి వారాల తరబడి ఉంటే సుగర్, థైరాయిడ్, బి12 చూపించుకోవాలి, మెడలో నరం నొక్కుకుపోయినా చేతిలోనే తెలుస్తుంది. పట్టు తప్పి వస్తువులు జారిపోతున్నా, బొటనవేలి మొదట్లోనో, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనో కండ తగ్గుతున్నా ఇక వాయిదా వెయ్యకూడదు. అప్పటికి సొంత ఉపాయాల కాలం దాటిపోయినట్టే.

ఇవన్నీ ఒక్కొక్కరు తమ చేతికి తాము చేసుకునేవి. తంతి గుమాస్తాలకు 1908లో దొరికింది వేరే. ఈ నొప్పి నీ బలహీనత కాదు, నీ పనిలోంచి వచ్చిందని వాళ్ళకు కాగితం మీద రాసిచ్చారు. అలా రాసివ్వడానికి ముందు ఎవరో ఒకరు అడగాలి. రామజీని తన పుస్తకం ముందుమాటలో వైద్యులకు ఒక మాట చెప్పాడు. పేదవాడి ఇంటికి వెళ్ళినప్పుడు ముక్కాలిపీట దొరికినా సరే కూర్చోండి, తీరిగ్గా మాట్లాడండి, హిప్పోక్రటీస్ అడగమన్న ప్రశ్నలకు తోడు ఇంకొకటి అడగండి అన్నాడు: నువ్వు ఏ పని చేస్తావు?

నందిగామలోనో జగ్గయ్యపేటలోనో ఓపీ చీటీ మీద పేరు, వయసు, ఊరు, బరువు, బీపీ రాస్తారు. దాని పక్కన ఇంకో గడి గీసి, “ఏం పని చేస్తావమ్మా, రోజుకి ఎన్ని కిలోలు తీస్తావు?” అని అడిగి రాసుకుంటే, ఒక్క మిరప సీజను తిరిగేసరికి ఈ మెట్ట ప్రాంతపు చేతుల చరిత్రకు మొదటి రిజిస్టరు తయారవుతుంది.